డెబ్భై నాలుగో పేజీ

మార్చి 3, సోమవారం

మీటింగు కాగితాల కట్ట వచ్చింది. నూట పన్నెండు పేజీలు. మండలి గుమాస్తా తనే తెచ్చాడు. రిజిస్టర్ చాపితే పెద్దమ్మ తనకి వచ్చిన మూడక్షరాలూ గీసింది. ఆ మూడూ పూర్తయ్యేలోపు గుమాస్తా ఒక గ్లాసు నీళ్ళు తాగి, కళ్ళజోడు తుడుచుకుని, రెండుసార్లు కాలు మార్చి నిలబడ్డాడు.

"ఈసారి అంకెల పట్టీలు ఎన్ని బాబూ?" అంది పెద్దమ్మ.

"పద్నాలుగమ్మా."

"గొంతు చూసుకో మరి. అన్నీ చదివిస్తాను."

"మీ సీటున్నంత కాలం నాకు దగ్గు తప్పదు లెండి."

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళకి ఇది ఎనిమిదేళ్ళ పాత జోకు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గుమాస్తా మీటింగులో చదివేముందు ఇంట్లో ఈమెకి చదివి వినిపించాల్సింది నేనే కదా. పొద్దుటి నుంచీ షాపులో అద్దాలు కోసి కోసి వేళ్ళు మండుతుంటే, సాయంత్రం వచ్చి నూట పన్నెండు పేజీలు.

పర్యావరణ సలహా మండలి అని పేరు పెద్దదే. పదకొండు మంది. పదిమంది కాగితాలు చూస్తారు, మా పెద్దమ్మ వింటుంది. కాలువ నీళ్ళ మీద బతికేవాళ్ళ తరఫున ఒక సీటుంది, అది ఆమెది. "నేను విననిదానికి చెయ్యెత్తను" అని మొదటి రోజే చెప్పేసింది. అప్పట్నుంచీ అక్కడ ఏ కాగితమైనా పైకి చదవాల్సిందే. గంటలో అయ్యేది మూడు గంటలు. ఫ్యాక్టరీ వాళ్ళ రిపోర్టులో మూడు నెలలూ ఒకటే అంకె వేశారని అలా వింటూనే పట్టేసింది. కళ్ళున్న పదిమందికీ కనబడలేదు.

ముప్పై పేజీలు చదివాను. పెద్దమ్మ నర్సరీ మొక్కల తొట్టెల్లో మట్టి కలుపుతూ కళ్ళు మూసుకుని విన్నది. గొంతు ఎండిపోయింది. మిగతాది రేపు.

మార్చి 4, మంగళవారం

మా ఫ్రెండు పొట్టివాడు కొత్త బండి కొన్నాడు. గేటు దగ్గర ఆపి ఒకటే హారన్. లోపల నేను, కట్ట, పెద్దమ్మ.

అయిపోయింది, ఎలాగోలా. ముఖ్యమైనవన్నీ చదివాను. కొన్ని పేజీల్లో ఏమీ ఉండదు. పైన అడ్రసు, కింద సంతకాలు, మధ్యలో "పైన పేర్కొన్న విధంగా" అని పదిసార్లు. అలాంటి చోట ఇందులో ఏం లేదులే అనుకుని రెండేసి కలిపి తిప్పేస్తాను. ఎప్పుడూ చేసేదే.

"అప్పుడే అయిపోయిందా?" అంది.

"ఈసారి అక్షరాలు పెద్దవేశారు."

"అక్షరాలు పెద్దవైతే పేజీలు పెరుగుతాయి కదరా, తగ్గుతాయా?"

చెప్పులేసుకుని పరుగెత్తాను. బండి బాగుంది. ఊరి చివరి దాకా వెళ్ళొచ్చాం.

మార్చి 9, ఆదివారం

అద్దాల షాపు మానేశాను. ఓనరు నన్ను చూసి "నీకు అరికాల్లో చక్రాలున్నాయిరా" అన్నాడు. పెద్దమ్మ కూడా అదే అంటుంది, కానీ ఆమె అంటే తిట్టులా ఉండదు.

మార్చి 17, సోమవారం

మధ్యాహ్నం డాక్టరుగారు ఫోన్ చేశారు. ఆయనా మండలి సభ్యుడే. పెద్దమ్మ చెవికి ఆనించుకుని నిలబడే మాట్లాడింది, కూర్చోలేదు. ఫోన్ పెట్టాక కుండీ అంచు మీద కూర్చుండిపోయింది.

అసెంబ్లీలో బిల్లు పెట్టారట. మండలిలో పదకొండు మంది ఇకనుంచి తొమ్మిది మందేనట. పోయేవి నాలుగు సీట్లు, కొత్తగా వచ్చేవి రెండు. ఆ రెండూ ఫ్యాక్టరీల వాళ్ళకే. పోయేవాటిలో డాక్టరు సీటూ ఉంది, కాలువ సీటూ ఉంది. అభ్యంతరం ఉన్న సభ్యులు అసెంబ్లీ కమిటీకి పద్నాలుగో తేదీలోగా రాస్తే పిలిచి వింటామన్నారట. డాక్టరుగారు రాశారు, వెళ్ళారు, మాట్లాడొచ్చారు. "మీరెందుకు రాయలేదమ్మా? సీటు పోయేవాళ్ళలో నీళ్ళ దగ్గర బతికేది మీరొక్కరే. మీ మాట వినేవాళ్ళు" అన్నారట.

"నాకు కబురే లేదు," అంది పెద్దమ్మ నాతో. "చదువుకున్నవాళ్ళకి పంపారు, నాకు పంపలేదు. ఏరా, మన కట్టలో దీని గురించి ఏమైనా ఉందా?"

"లేదు పెద్దమ్మా."

వెంటనే అనేశాను. ఆలోచిస్తే కదా.

తను నీళ్ళు పట్టడానికి వెళ్ళాక కట్ట తీశాను. డెబ్భై నాలుగో పేజీ. పైన అడ్రసు, కింద సంతకాలు. మధ్యలో రెండు పేరాలు. "సభ్యులు తమ అభిప్రాయం వినిపించదలచినచో ఈ నెల పద్నాలుగో తేదీలోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలెను." గట్టిగా చదివితే అర నిమిషం పట్టదు.

కట్టని అల్మారా పైన పాత విత్తనాల డబ్బాల వెనక పెట్టాను. దాచాలని కాదు. కింద ఉంటే తడుస్తుంది.

మార్చి 18, మంగళవారం

రాసినా వినేవాళ్ళు కాదు. డాక్టరుగారి మాట విన్నారా ఏం? పెద్దవాళ్ళ పనులు ముందే అయిపోయి ఉంటాయి.

మార్చి 21, శుక్రవారం

పొద్దున నర్సరీలో పెద్దమ్మకి సాయం చేశాను. కాలువ వైపు వరసలో గులాబీ అంట్లన్నీ ఆకుల అంచులు మాడిపోయాయి, ఎవరో అగ్గిపుల్లతో చుట్టూ కాల్చినట్టు. నిరుడు రెండు వరసలే అలా ఉండేవి. ఇప్పుడు ఐదు.

"ఫ్యాక్టరీది ఒక గొట్టానికే ఇట్లా ఉంది. రెండో గొట్టం కూడా కాలువలో కలిపితే ఇంక మనం ప్లాస్టిక్ పూలు అమ్ముకోవాలి," అంది.

రెండో గొట్టం కాగితం మండలిలో ఆగి ఉంది. పెద్దమ్మే ఆపింది. మండలి అభిప్రాయం రాకుండా పర్మిషన్ కదలదు, పట్టీలన్నీ చదివి వినిపించకుండా పెద్దమ్మ అభిప్రాయం కదలదు. ఫిబ్రవరి మీటింగులో ఆరో పట్టీ దగ్గర "ఈ నీళ్ళు ఎక్కడ ముంచారు, ఏ పూట ముంచారు?" అని అడిగింది. ఎవరికీ తెలియలేదు. మళ్ళీ కొలిచి తెమ్మన్నారు.

సీటు పోతే అడిగేవాళ్ళు ఉండరు. అది నాకూ తెలుసు. నాకు తెలియదని కాదు.

మార్చి 26, బుధవారం

పెద్దమ్మ మొహంలో కళ వచ్చింది. మండలిలో ఉన్న రిటైర్డ్ ప్రొఫెసరుగారు నర్సరీకి వచ్చి వెళ్ళారు. ఆయన సీటూ పోతోంది. సభ్యురాలికి నోటీసు పంపకుండా బిల్లు నడిపారని తేలితే కమిటీ మళ్ళీ కూర్చుని వినాల్సిందేనట, అలా రూలుందట. ఈ కట్ట మీద జరగాల్సిన మీటింగే పాత మండలికి ఆఖరిది, ఏప్రిల్ పదిన. పత్రికల వాళ్ళు కూడా వస్తారు. అక్కడ లేచి అందరి ముందూ చెప్పమన్నారు.

"మాకైతే కట్టలోనే వచ్చింది. మీకు పంపారో లేదో గట్టిగా చూసుకున్నారా?" అని ఆయన అడిగారు.

"మావాడు ప్రతి కాగితం చదివి వినిపిస్తాడండీ. వీడి చేతిలోంచి జారదు," అంది.

ప్రొఫెసరుగారు నా భుజం తట్టారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆయన వెళ్ళాక నీళ్ళు నముల్తూ అన్నాను. "అందరి ముందూ అంటే ఆ గుమాస్తా ఇరుక్కుంటాడేమో పెద్దమ్మా. పంపాల్సింది ఆయనే కదా."

కాసేపు చెయ్యి ఆపింది. "మంచివాడే. కానీ పంపనివాడిదే కదా తప్పు. నేనేం చెయ్యను?"

మార్చి 29, శనివారం

రేపు చెప్తాను.

మార్చి 30, ఆదివారం

పెద్దమ్మకి తలనొప్పి. ఈ పరిస్థితిలో చెప్పడం బాగుండదు.

ఏప్రిల్ 2, బుధవారం

ఇవాళ చెప్పేద్దామని వెనక వైపు నుంచి వెళ్ళాను. ఆమె ఒక్కతే నిలబడి మాట్లాడుతోంది. ఎదురుగా నిమ్మ మొక్కలు, వరసగా పదకొండు. చూసి పెట్టుకుందో, అలా కుదిరిందో.

"అయ్యా, అధ్యక్షులవారూ. నాకు చదువు రాదు. రాదని ఏనాడూ దాచుకోలేదు. రానివాళ్ళకి చెప్పకుండా చేసిన పని, మంచిదైనా దొంగపనే."

ఆగింది. మళ్ళీ మొదటి నుంచి అంది. "దొంగపనే" దగ్గర గొంతు కొంచెం తగ్గించి చూసింది, నచ్చలేదు, మళ్ళీ పెంచింది.

నన్ను చూసి సిగ్గుపడింది. "ఎలా ఉందిరా?"

"బాగుంది."

"మరీ గట్టిగా ఉందా?"

"లేదు. బాగుంది."

ఏప్రిల్ 5, శనివారం

గ్యాస్ సిలిండర్లు దించే పనికి వెళ్ళాను. సగం రోజు చేసి వచ్చేశాను.

ఒకవేళ ఆ రిజిస్టర్లో పేజీల లెక్క రాసి ఉండకపోతే? కట్ట ఇచ్చినట్టు సంతకం ఉంటుంది, అందులో ఏముందో ఎవరికి గుర్తు? డెబ్భై నాలుగు లేదని మేమంటే ఉందని ఎవరు రుజువు చేస్తారు? కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. పెద్దమ్మ మాట్లాడుతుంది. సీటు ఉంటుంది. అందరికీ మంచిదే. గుమాస్తాకి ఒక మాట పడుతుంది, అంతే కదా. గవర్నమెంటు ఉద్యోగం, ఊరికే పోదు.

ఇది రాసి మళ్ళీ చదువుకున్నాను. కొట్టేయాలనిపించింది. కొట్టేయలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

పెద్దమ్మ చీర ఇస్త్రీ చేసుకుంది. నా చొక్కా కూడా చేసింది.

"నువ్వు కూడా వచ్చి వెనక కూర్చో. నాకు ధైర్యంగా ఉంటుంది."

చెప్పబోయాను. నిజంగానే నోరు తెరిచాను. "ఏంట్రా?" అంది. "కాలర్ కూడా చెయ్యి," అన్నాను.

ఏప్రిల్ 10, గురువారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

హాలు చిన్నది. పొడుగు బల్ల, చుట్టూ పదకొండు మంది, గోడ వారన బెంచీల మీద మేము. పత్రికల వాళ్ళు నలుగురు. ఫ్యాక్టరీ తరఫున ఇద్దరు, బిల్లు పాసైతే వచ్చే నెల నుంచి బల్ల దగ్గర కూర్చోబోయేవాళ్ళు, ఇవాళ్టికి నా పక్క బెంచీ మీదే. ఒకతను నాకు చూయింగ్ గమ్ ఇచ్చాడు. తీసుకున్నాను.

పెద్దమ్మ లేచింది. నిమ్మ మొక్కలకి చెప్పినదంతా అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. "దొంగపనే" అన్నచోట గొంతు పెంచింది. పత్రికల వాళ్ళు గబగబా రాసుకున్నారు.

గుమాస్తా మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచి, "అయ్యా, నేను పంపానండీ," అన్నాడు. అల్మారా తీసి రిజిస్టర్ తెచ్చాడు. మార్చి మూడు. నూట పన్నెండు పేజీలు. ఎదురుగా మూడక్షరాలు. తర్వాత ఆఫీసు కాపీ కట్ట తెచ్చాడు.

"కావాలంటే చూడండి," అని అధ్యక్షుడికి ఇవ్వబోయాడు.

"నాకూ వినిపించు బాబూ," అంది పెద్దమ్మ.

ఎనిమిదేళ్ళుగా చదివినట్టే చదివాడు. నిలబడి, ప్రతి మాటా విడివిడిగా. "డెబ్భై నాలుగో పేజీ," అని మొదలుపెట్టి, తేదీ, నంబరు, సభ్యులు తమ అభిప్రాయం వినిపించదలచినచో. కింద సంతకాలతో సహా. మధ్యలో ఒకసారి దగ్గు వచ్చి ఆగాడు. ఎవరూ నవ్వలేదు.

అయిపోయాక కట్ట మూసి బల్ల మీద పెట్టాడు.

పెద్దమ్మ వెనక్కి తిరిగి నా వైపు చూస్తుందనుకున్నాను. తల దించుకుని కూర్చున్నాను. చూడలేదు.

"తప్పు నాదే," అంది. "ఇది నాకు ఇంట్లో చదివి వినిపించారు. నేనే మరిచిపోయాను." తర్వాత గుమాస్తా వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "నిన్ను అనరాని మాట అన్నాను బాబూ. మనసులో పెట్టుకోకు."

"అయ్యో, ఫర్వాలేదమ్మా, కూర్చోండి," అన్నాడు అతను. అతని కళ్ళు తడిశాయి.

నా పక్కనున్నతను నవ్వి, రెండో అతని చెవిలో అన్నాడు, నాకూ వినబడేంత గట్టిగా. "ఇలాంటి జ్ఞాపకశక్తితో మన నీళ్ళకి కాపలా కాసిందా ఇన్నాళ్ళూ!"

లేచి వాడి మొహం మీద ఒకటి ఇవ్వాల్సింది. నోట్లో వాడిచ్చిన గమ్ ఉంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

పేపర్లో వేశారు. "నోటీసు అందుకుని మరిచిన సభ్యురాలు." పెద్దమ్మ ఫోటో, చేతులు జోడించినది. ఇన్నాళ్ళూ పేపరు రాగానే "ఏం రాశార్రా?" అనేది. ఇవాళ అడగలేదు. కుండీల కింద పరిచేసింది.

ఏప్రిల్ 15, మంగళవారం

మాట్లాడుతుంది. అన్నం పెడుతుంది. తిట్టడం లేదు. తిడితే బాగుండు.

ఏప్రిల్ 22, మంగళవారం

బిల్లు పాసైంది. మే ఒకటి నుంచి అమలు.

మే 1, గురువారం

మండలి నుంచి ఉత్తరం వచ్చింది. పల్చటి కవరు, ఒకే కాగితం. నేనే తీసుకున్నాను, నేనే లోపలికి తెచ్చాను. పెద్దమ్మ చెయ్యి తుడుచుకుని అందుకుంది. గోడ అవతలి టైలరు కూతుర్ని పిలిచింది. ఆ పిల్ల ఐదో తరగతి. కూడబలుక్కుని చదివింది. "మీ... అమూల్య... మైన... సేవలకు..."

నేను అక్కడే ఉన్నాను, రెండు అడుగుల దూరంలో.

"నేను చదువుతాను కదా," అన్నాను.

"నీకెందుకులే. విసుగు," అంది.

మే 6, మంగళవారం

కొత్త మండలి మొదటి మీటింగు. ఎవరూ రమ్మనలేదు. వెళ్ళాను. వెనక బెంచీ మీద నేనొక్కడినే.

తొమ్మిది మంది. అందరి ముందూ కాగితాలు. అధ్యక్షుడు "రెండో గొట్టం విషయం. అందరూ చూసే ఉంటారు. చదివినట్టే అనుకుందామా?" అన్నాడు.

"అనుకుందాం."

పర్మిషన్ ఇవ్వొచ్చని అభిప్రాయం రాసేశారు. ఆరో పట్టీ నీళ్ళు ఎక్కడ ముంచారో, ఏ పూట ముంచారో ఎవరూ అడగలేదు. నేను లేచాను. "పైకి చదవండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఎవరు బాబూ నువ్వు?"

ఎవరినని చెప్పాలి? "కాలువ దగ్గర ఉంటాం," అన్నాను.

"సభ్యులు మాత్రమే మాట్లాడాలి. కూర్చో."

కూర్చున్నాను. గోడ గడియారం చూశాను. మొత్తం పదకొండు నిమిషాలు.

బయట వరండాలో గుమాస్తా కలిశాడు. టీ ఇప్పించాడు. "మీ పెద్దమ్మగారు ఎలా ఉన్నారు?" అన్నాడు. బాగుంది అన్నాను. "ఇవాళ నా గొంతుకి బోలెడు రెస్టు. పొద్దుట్నుంచీ ఒక్క ముక్క చదవలేదు," అని నవ్వబోయాడు, కుదరలేదు.

"ఆ పేజీ ఆమెకి చదవలేదు. నేను తిప్పేశాను," అన్నాను. ఎందుకో ఆయనకే చెప్పేశాను ముందు.

గ్లాసు కింద పెట్టాడు. "ఇది నాక్కాదు చెప్పాల్సింది," అన్నాడు.

మే 7, బుధవారం

పొద్దున్నే చెప్పాను. పెద్దమ్మ మాడిన అంట్లు పీకి కుప్ప వేస్తోంది. నేనూ పక్కన కూర్చుని పీకుతూ చెప్పాను. మొహం చూడకుండా చెప్పడం తేలిక.

"పెద్దమ్మా, డెబ్భై నాలుగో పేజీ నేను చదవలేదు. కట్టలో ఉంది. నువ్వడిగినప్పుడు లేదని అబద్ధం చెప్పాను."

పీకడం ఆపలేదు. "తెలుసురా."

"గుమాస్తా చదివినప్పుడు తెలిసిందా?"

"నువ్వు తిప్పినప్పుడే తెలుసు. ఒక పేజీ తిప్పితే ఒక చప్పుడు. రెండు కలిపి తిప్పితే ఇంకో చప్పుడు. ఎనిమిదేళ్ళుగా వింటున్నాను, ఆమాత్రం తెలియదా?"

"మరి అడగలేదేం?"

ఒక అంటు పట్టుకుని అలాగే కూర్చుంది. వేళ్ళకి మట్టి.

"బడి వదిలేశావు. అద్దాలు వదిలేశావు. ప్రెస్సు వదిలేశావు, సైకిల్ షాపు వదిలేశావు. మీ అమ్మ పోయాక ఇక్కడికి వచ్చినప్పుడు నువ్వసలు ఇంట్లో నిలిచేవాడివా? రెండో రోజే రోడ్డున పడేవాడివి. ఒక్క ఆ కాగితాల కోసమే కదా సాయంత్రమయ్యేసరికి వచ్చి నా ఎదురుగా కూర్చునేవాడివి. నువ్వు చదువుతావన్న ధైర్యంతోనే నేనా సీటు ఒప్పుకున్నాను. ఆ పేజీ మళ్ళీ చదవరా అంటే, అది కూడా వదిలేసి పోతావని భయం."

నేను ఇంకో అంటు పీకాను.

"అంతమంది పెద్దవాళ్ళ చేత అక్షరం వదలకుండా చదివించానే, ఇంట్లో నిన్నొక్కణ్ణి అడగలేకపోయాను. ఉందా అంటే లేదన్నావు. లేదని నమ్మితే నాకూ బాగుందిరా. పాపం ఆ గుమాస్తాదే తప్పని నమ్మితే ఇంకా బాగుంది."

అంటుని కుప్పలో పడేసింది.

మే 12, సోమవారం

కాలువ గట్టు మీద మిషను దిగింది. గొట్టాలు లారీలో వచ్చాయి. ఒక్కొక్కటీ మా గదంత పొడుగు.

సాయంత్రం పని నుంచి నేరుగా ఇంటికే వచ్చాను. కొత్త పని, ఇటుకల దగ్గర. కాళ్ళు కడుక్కుని, ఎప్పుడూ కూర్చునే చోట పెద్దమ్మ ఎదురుగా కూర్చున్నాను. ఆమె మట్టి కలుపుతోంది. కళ్ళు మూసుకోలేదు.

"ఏమైనా చదవమంటావా?" అన్నాను. "మొత్తం చదువుతాను. ఏదీ తిప్పను."

"ఏం చదువుతావురా," అంది. "ఇంక మనకి కాగితాలు రావు కదా."